నేను చదివి చెప్పిన పేరు

ఏడేళ్ళుగా ఒక మాటను మోస్తున్నాను. ఒకే ఒక్క మాట. నాలుగక్షరాల పేరు.

మోస్తున్నానని మొన్నటిదాకా ఎవరికీ తెలియదు. పెళ్ళి పీటల మీద కూర్చున్నప్పుడు అది నాతో కూర్చుంది. పురిటి నొప్పులప్పుడు మంత్రసాని గట్టిగా అరవమంది. అరిస్తే అదెక్కడ బయటపడుతుందోనని పళ్ళు బిగబట్టాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నయం. ఇంట్లో అందరూ పడుకున్నారు, లాంతరు వత్తి తగ్గించి రాస్తున్నాను. నా పేరు రాయను. మిగతాదంతా ఉన్నదున్నట్టు రాస్తాను.

మా ప్రాంతంలో గురవమ్మ అనే దయ్యం ఉంది. మార్కాపురం పలకరాయి గుంతల్లో ఉంటుందంటారు. మిట్టమధ్యాహ్నం తిరుగుతుందంటారు. చూసినవాళ్ళు కూడా ఉన్నారు. ఆమెను పుట్టించింది నేను.

మా నాయనకు మార్కాపురంలో పలకల కార్ఖానా ఉంది. ఊరి బయట గుంతల్లోంచి తీసిన రాయిని పొరలుగా చీల్చి, కోసి, నునుపు చేసి, చెక్క చట్రాలు బిగించి రైలుకెక్కిస్తారు. ఎక్కడెక్కడి పిల్లలో మన రాయి మీద అ ఆలు దిద్దుకుంటున్నారని నాయన గొప్పగా చెప్పేవాడు. ఆ రాయిని ఇసుకా నీళ్ళూ పోసి పొద్దస్తమానం రుద్దే ఆడవాళ్ళకు మాత్రం ఒక్క అక్షరం రాదు. సాయంత్రానికి వాళ్ళ చేతులూ కనురెప్పలూ బూడిద రంగుకు తిరిగేవి.

వాళ్ళలో ఓబులమ్మ ఒకతె. నాకంటే ఏడాది పెద్దది, ఇరవై నిండాయి. తండ్రి లేడు. తల్లి బాలమ్మ కూడా మా దగ్గరే పని. నేను గుంటూరు కాలేజీ నుంచి ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడల్లా, మేడ మీద గదిలో, మూల విరిగిన పలక ఒకటి ముందు పెట్టుకుని ఓబులమ్మకు చదువు చెప్పేదాన్ని. "పలకలు చేసే చేతికి పలక మీద రాసేది రాకుంటే ఎట్ల అమ్మణ్ణీ?" అనేది. రెండు వేసవుల్లో గుణింతాలు పట్టేసింది. తల్లికి కూడా చెప్పనివ్వలేదు. ఒకరోజు తల్లి పేరు రాసి ఆమె ముందు పెట్టి బెదరగొడతానని నవ్వేది.

చిన్నాయన గురించి కూడా చెప్పాలి. నాయనకు తమ్ముడు. గుంతల పనంతా ఆయనే చూసేవాడు. ఆడపిల్లను గుంటూరు పంపడమేందని మా అవ్వ మొండికేస్తే, ఎదురు నిలిచి నన్ను కాలేజీలో చేర్పించింది ఆయనే. నా ట్రంకుపెట్టె తన నెత్తిన పెట్టుకుని హాస్టలు మెట్లెక్కాడు. దీన్ని సాకుగా వాడుకోవడానికి చెప్పడం లేదు. అందుకే చెబుతున్నానా? కొంచెం అందుకే కావచ్చు.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన మరుసటి వేసవి. మధ్యాహ్నం వేళ. ఆ ఎండకు రాతిగుట్టలు దూరం నుంచి నీళ్ళల్లో ఊగుతున్నట్టు కనిపిస్తాయి. గుంత దగ్గరి కొట్టంలో మరిచిన తట్ట తెచ్చుకుంటానని ఓబులమ్మ వెళ్ళింది. తిరిగి రాలేదు. పొద్దు వాలుతుండగా ఆడవాళ్ళు వెతుక్కుంటూ పోతే గుంత గట్టున కూర్చుని ఉంది. జుట్టు విడిపోయి ఉంది. చీర తడిసి ఉంది. కళ్ళు నీళ్ళ మీదే ఉన్నాయి. పిలిస్తే పలకలేదు. ఎవరైనా చెయ్యి వేస్తే ఒళ్ళంతా బిగుసుకుపోయింది. ఇంటికి తెచ్చాక కూడా మాట లేదు, తిండి లేదు.

గుంత దగ్గరికి ఒంటరిగా పోయింది, గాలి సోకింది అన్నారు. ఆ మాట అందరికీ అనువుగా ఉంది. ఆ మాట అనేస్తే ఇంకేమీ అడగక్కర్లేదు.

నాకు మాత్రం తెలుసు. ఆ మధ్యాహ్నం చిన్నాయన ఇంటికొచ్చి వేళ కాని వేళ స్నానం చేశాడు. మెడ మీద మూడు గీతలు. కంప గీసుకుందన్నాడు. కొబ్బరినూనె గిన్నె తెచ్చిచ్చింది నేనే. తీసుకుంటూ నా ముఖం చూడలేదు. సాయంత్రం ఓబులమ్మను చూసిన క్షణంలో ఆ మూడు గీతలు నా కళ్ళ ముందు నిలిచాయి. అప్పటికి నాకేమీ తెలియదని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకోవాలని చూశాను. ఎంత చెప్పుకున్నా నిలవలేదు. తెలుసు. ఆమె చెప్పకముందే తెలుసు.

నాలుగో రోజు రాచర్ల వైపు నుంచి దయ్యాలు విడిపించే సామిని పిలిపించారు. పిలిపించింది చిన్నాయనే. మా వైపు పద్ధతి ఏమిటంటే, పట్టిన దయ్యం తన పేరు చెప్పాలి. పేరు చెబితేనే సామి దాన్ని పిలిచి, ఏం కావాలో అడిగి, సాగనంపగలడు. పేరు తెలియని దయ్యం కదలదు. వేపమండలు విరిగాయి గాని ఓబులమ్మ నోరు విప్పలేదు. నోటితో కాకుంటే సైగతోనైనా పేరు రావాలని చెప్పి సామి మా కార్ఖానా ముంగిట నీడకు కూర్చున్నాడు. మగవాళ్ళు అన్నాలకు పోయారు. ఆడవాళ్ళంతా చుట్టూ ఉన్నారు.

ఓబులమ్మ లేచింది. పేర్చి ఉన్న పలకల్లోంచి ఒకటి తీసుకుంది. కింద దొరికిన రాతిముక్కతో రాయడం మొదలుపెట్టింది. ఆ గీకుడు చప్పుడుకు ఆడవాళ్ళు ఒక్కసారిగా వెనక్కి జరిగారు. అక్షరం రాని మనిషి రాస్తోంది! నేను నేర్పానని వాళ్ళకు తెలియదు గదా. దయ్యమే ఆమె చేత్తో రాస్తోందనుకున్నారు. ఆ ముంగిట్లో నా ఒక్కదానికే అది ఓబులమ్మ చెయ్యి.

రాసి, పలకను సామికి ఇవ్వలేదు. ఆయనకూ చదువు రాదు. తిన్నగా వచ్చి నా చేతిలో పెట్టింది.

వంకర టింకర అక్షరాలు. "మీ చిన్నాయన. నన్ను డాక్టరమ్మ కాడికి తోలుకపో."

చేసింది ఎవరో చెప్పింది. తనకు ఏం కావాలో చెప్పింది. అంతకంటే స్పష్టంగా ఏ మనిషైనా సాయం అడగగలదా?

ఏం రాసింది, పేరేంది అని బాలమ్మ అడుగుతోంది. అన్నం తిని అప్పుడే వచ్చిన చిన్నాయన గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నాడు. జూన్‌లో కాలేజీ తెరుస్తారు. నేనిప్పుడు ఈ రెండు వరుసలూ చదివితే ఆ ట్రంకుపెట్టె మళ్ళీ ఎవరు మోస్తారు? ఇది నాకు ఆ తర్వాత తట్టిన ఆలోచన కాదు. ఆ క్షణాన, ఓబులమ్మ ముఖం నా ముందుండగా, నా తలలో ఉన్నది ఇదే.

"గురవమ్మ," అన్నాను.

ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. మా వైపు వీధికొక గురవమ్మ ఉంటుంది, అందుకే నోటికి అందిందేమో. పైట చెంగు తొట్టి నీళ్ళల్లో ముంచి పలక తుడిచేశాను. ఓబులమ్మ మొదట నా పెదవులను చూసింది. తర్వాత నా చెంగును చూసింది. ఆమె గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది, గాలి ఈల వేసినట్టు. పేరు బయటపడగానే దయ్యం బెదిరిందని ఆడవాళ్ళు దండాలు పెట్టారు.

ఆ తర్వాత మూడు మంగళవారాలు. వేపమండలు, మిరపకాయల పొగ. నేను మేడ మీద కిటికీ మూసుకుని కూర్చున్నాను. నువ్వు గురవమ్మవేనా, నువ్వు గురవమ్మవేనా అని సామి గొంతు కిటికీ సందుల్లోంచి వచ్చేది. మూడో మంగళవారం ఓబులమ్మ తల ఊపిందట. ఊపినా దయ్యం పోలేదన్నారు. గిద్దలూరు దగ్గర ఉన్న పిన్నమ్మ ఇంటికి ఆమెను పంపించేశారు. నేను గుంటూరు వెళ్ళిపోయాను. పెట్టె చిన్నాయనే మోశాడు.

ఇక ఆ పేరు తన దారిన తాను పెరిగింది. గురవమ్మ ఎవరో నెల తిరక్కుండానే ఊళ్ళో అందరికీ గుర్తొచ్చింది. కంభం నుంచి రాతిపనికి వచ్చి గుంతలో పడి చచ్చిపోయిందే, ఆ పొడుగాటి మనిషి అని ఒకరన్నారు. అవునవును, నవ్వితే చిగుళ్ళు కనిపించేవి అని ఇంకొకరన్నారు. గుంత గట్టున దీపాలు పెట్టడం మొదలైంది. రెండేళ్ళ తర్వాత హాస్టల్లో వినుకొండ అమ్మాయి ఒకతె దయ్యాల కథలు చెబుతూ మార్కాపురం గురవమ్మ సంగతి ఎత్తింది. ఆమెకు ఎడమ కాలికే కడియం ఉంటుందట. అందుకే నడిస్తే ఒక అడుగు మోగుతుంది, ఒక అడుగు మోగదట. ఆ రాత్రంతా దుప్పటి కప్పుకుని వరండాలో అడుగులు లెక్కపెట్టాను. నేనే చేసిన దయ్యం. నాకే భయం.

పెళ్ళయి గిద్దలూరు వచ్చాను. ఇక్కడ మావాళ్ళకు బట్టల దుకాణం. నాకంటే ముందే గురవమ్మ ఇక్కడికి వచ్చేసి ఉంది. పాప పుట్టాక మా అత్తగారు గుమ్మానికి వేపరెబ్బలు కట్టి, మధ్యాహ్నం పూట బిడ్డను బయటికి తేవద్దన్నారు. గురవమ్మ పసిపిల్లల కోసం వస్తుందట.

మా ఇంట్లో మధ్యాహ్నాలు చాలా నిశ్శబ్దంగా ఉంటాయి. పాప వెల్లకిలా పడుకుని, ఏమీ లేని మూల వైపు చూసి నవ్వుతుంది. పిల్లలందరూ అలాగే నవ్వుతారట. తెలుసు. తెలిసినా ఆ మూలకు వెళ్ళి చేత్తో గాలిని తడుముతాను. గది తలుపు వేశానా లేదా అని నాలుగుసార్లు లేచి చూస్తాను. ఒకరోజు పాప పాలు తాగకుండా పేచీ పెట్టింది. విసుగులో నా నోట్లోంచి మాట జారింది. "తాగు, లేకుంటే గురవమ్మ వస్తాది."

అయిదు నెలల బిడ్డకు ఏం అర్థమవుతుంది? ఏమీ కాదు. విన్నది నేను. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది.

ఆ వారమే పాపకు జ్వరం వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్ళాను. బరువు చూడడానికి పాపను నా చేతుల్లోంచి అందుకున్న ఆయమ్మ తలెత్తింది. ఓబులమ్మ.

"బాగుండావా అమ్మణ్ణీ?" అంది.

నేను నోరు తెరిచాను. మాట రాలేదు.

"ఇప్పుడు నీకు నోరు పడిపోయినాదే!" అని నవ్వింది. ఆ నవ్వులో వేడి ఉంది. "పలక తెచ్చియ్యమంటావా?"

పాపను తూచి, ఒళ్ళు తుడిచి, నర్సమ్మ దగ్గరికి తీసుకెళ్ళి, మందు తాగించి తెచ్చింది. ఒక్క పని కూడా తొందరగా చేయలేదు. తర్వాత వరండాలో నా పక్కన, కొంచెం ఎడంగా కూర్చుంది.

"మా పిన్నమ్మ నన్ను ఈడికి తెచ్చినాది," అంది. "ఈ నర్సమ్మ నా పేరు అడగల్యా. దయ్యం పేరూ అడగల్యా. నొప్పి యాడుంది అని అడిగినాది. నాలుగు దినాలు ఊరికే మంచం పక్కన కూసోని పోయినాది. అయిదో దినం చెప్పినా."

"ఏం చెప్పినావు?"

"యాడ నొప్పో చెప్పినా. అదే మొదటి మాట. కాయితం రాస్తా, ఠాణాకు పోదామా అని కూడా అడిగినాది. నేనే వద్దంటి. మనం రాసింది చదివేటోళ్ళు ఏమని చదువుతారో ఎవురికి తెలుసు?"

నేను తల దించుకున్నాను. ఏదో ఒకటి అనాలని, ఇప్పుడు బాగున్నావా అని అడిగాను. అడిగాక సిగ్గేసింది.

"కొన్ని దినాలు బాగుంటా. రాయి కొట్టే చప్పుడు వింటే ఆ పూట అన్నం దిగదు. మునుపు వాకిలి కాడ తప్ప పండుకునేదాన్ని గాదు. ఇప్పుడు యాడైనా పండుకుంటా. కాన్పులకు నర్సమ్మ నన్నే పిలుస్తాది. ఈ సందులో పిల్లోళ్ళంతా ఫస్టు ఏడ్చింది నా చేతిలోనే. ఏడేండ్లు పట్టినాది. ఊరికే రాల్యా."

"నన్ను క్షమించు ఓబులమ్మా."

"అది నాకేం చేసుకునేదానికి?" అంది. తిట్టినట్టు కాదు. నిజంగానే అడిగింది. "మా అమ్మ ఇంగా అట్లనే ఉంది. నెలకోసారి రైలెక్కి వస్తాది. లోపలికి రాదు. నా చేతి నీళ్ళు తాగదు. దూరంగా నిలబడి, 'గురవమ్మా, నా బిడ్డను ఇడిసిపెట్టు తల్లీ' అని దండం పెడతాది, నాకు! నేను ఓబులమ్మనే గదే అమ్మా అంటే, అట్లనే అంటావులే అంటాది. జరిగిందంతా చెప్పినా. గురవమ్మే చెప్పిస్తాందనె. నేనేం మాట్లాడినా ఆమెకు నా గొంతు కాదు. పలక మీద ఏముండెనో నువ్వు చెప్పాల. ఆమెకు నువ్వు చదివిందే నిజం."

పాపను నా ఒళ్ళో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

పది రోజులు వెళ్ళలేదు. ఏ రోజుకారోజు కారణం ఉండేది. పాపకు జ్వరం తగ్గనీ. ఎండ తగ్గనీ. నాయన ముఖం ఎలా చూడను? ఒక తల్లి తన కూతురిని కూతురిగా పోల్చుకోవడానికి నా నోటిమాట కావాలి, అది ఇవ్వడానికి నేను మంచి రోజు చూస్తున్నాను. ఆఖరికి మా ఆయనకు చెప్పాను. ఏడేళ్ళయింది గదా, ఇప్పుడు కెలకడమెందుకన్నారు. కాసేపటికి, నీ ఇష్టం అన్నారు. మర్నాడు పాపను ఎత్తుకుని రైలెక్కాను.

కార్ఖానా ముంగిట ఆడవాళ్ళు రాళ్ళు రుద్దుతున్నారు. బాలమ్మ వంగిపోయింది, తల నెరిసింది. ఇంట్లోకి వెళ్ళకుండా నేరుగా ఆమె ముందుకు వెళ్ళి నిలబడ్డాను. గట్టిగా చెప్పాను. పలక మీద గురవమ్మ అని లేదత్తా. రాసింది నీ బిడ్డే, రాయడం నేర్పింది నేను. అందులో ఉన్నది చిన్నాయన పేరు. డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపొమ్మని ఉంది. నేను చదవలేదు. తుడిచేసినాను.

రుద్దే చప్పుడు ఆగిపోయింది.

చిన్నాయన లోపలి నుంచి వచ్చాడు. నా మీద కోప్పడలేదు. జాలిగా చూశాడు. బాలింత, మధ్యాహ్నం పూట గుంతల పక్క నుంచి వచ్చినట్టుంది, దీనికీ సోకినాది అన్నాడు. మెల్లగా, ఎంతో ప్రేమగా అన్నాడు. ఆడవాళ్ళు నన్ను చూసిన చూపు మారిపోయింది. ఒకామె పాపను నా చేతుల్లోంచి తీసుకోవడానికి ముందుకొచ్చింది. ఇంకెవరో దూరం నుంచే, పేరేందో అడగండి అన్నారు. నేను అరిస్తే దయ్యం అరిచిందంటారు. ఏడిస్తే దయ్యం ఏడ్చిందంటారు. మౌనంగా ఉంటే పేరు చెప్పడం లేదంటారు. ఓబులమ్మ మూడు మంగళవారాలు ఎక్కడ నిలబడిందో అప్పుడు నాకు తెలిసింది. నేను నిలబడింది ఒక్క నిమిషం.

బాలమ్మ మాత్రం నన్నే చూస్తోంది. అప్పుడు అడిగింది.

"సామి కొట్టేటప్పుడు కదలకుండా చేతులు పట్టుకోమన్నాడు. మూడు మంగళారాలూ నేనే పట్టుకుంటి. నేను పట్టుకున్నది ఎవురి చేతులు అమ్మణ్ణీ?"

ఈ ప్రశ్నకు నేను సిద్ధపడి రాలేదు. ఒక తల్లిని కూతురి దగ్గరికి చేరుస్తున్నానని రైల్లో అనుకుంటూ వచ్చాను. ఏం చేతికిస్తున్నానో ఆలోచించలేదు. గురవమ్మవి అని ఒక్క మాట అంటే ఆమె బతికినన్నాళ్ళూ సుఖంగా ఉంటుంది. ఆ మాట మళ్ళీ నా నాలుక చివరి దాకా వచ్చింది, నిజం చెబుతున్నాను.

"ఓబులమ్మవే అత్తా," అన్నాను.

బాలమ్మ ఏడవలేదు. తొట్టిలో చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. ఎవరికీ చెప్పకుండా లేచి, తడి చేతులతోనే స్టేషను దారి పట్టింది. నన్ను రమ్మనలేదు. నాయన గుమ్మంలోకి వచ్చి నన్ను చూసి, లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

తల్లీకూతుళ్ళ మధ్య ఏం జరిగిందో నాకు తెలియదు. అడిగే ముఖం లేదు. టీకాకు వెళ్ళినప్పుడు ఓబులమ్మ పాపను ఎత్తుకుని ఆడించింది, నా వైపు చూడలేదు. చిన్నాయన ఇప్పటికీ గుంతల పని చూస్తున్నాడు. నాకు గాలి సోకిందని మా బంధువులు కొందరు నమ్ముతున్నారు, మా అత్తగారు కూడా నేను పాపకు పాలిస్తున్నప్పుడు ఏదో నెపం మీద గదిలోకి వచ్చి చూసి వెళుతున్నారు. గుంత గట్టున దీపాలు ఆగలేదట. ఆగవు. ఒకసారి బయటికి పోయిన దాన్ని నేను లేదంటే ఎవరు వింటారు?

తేలిగ్గా ఉందని అనను. నేను పోగొట్టింది నాది కాదు, కాబట్టి తిరిగిచ్చానని కూడా అనలేను. కానీ ఆ ముంగిట్లో ఆ చివరి మాట అన్న తర్వాత ఇంటికొచ్చి, ఆ రాత్రి నోరు తెరుచుకుని నిద్రపోయానట. ఏడేళ్ళలో నేను పళ్ళు బిగించుకోకుండా నిద్రపోవడం అదే మొదలు.